బావగారూ, మీరు కూర్చోండి

ఆ ఉదయం సోఫాల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. విమానం ఎక్కాలి, తన సీట్లో తాను కూర్చోవాలి, దిగగానే మనవరాల్ని ఎత్తుకోవాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందని ఎవరైనా అడగవచ్చు. అడిగారంటే వాళ్ళకు మేస్త్రి సంగతి తెలియదన్నమాట.

ఊరందరికీ మెత్తటి సోఫాలు చేసిపెట్టి, వాటిని మేడలెక్కించి, తన నడుము మాత్రం పాడుచేసుకున్న మనిషి ఆయన. కూతురుండే దేశం దాకా ఇరుకు సీట్లో కూర్చుంటే నడుము పట్టేస్తుందనీ, పట్టిందంటే పసిపిల్లను కాదుకదా, నీళ్ళ చెంబును కూడా ఎత్తలేడనీ డాక్టరు చెప్పేశాడు. అందుకే గుండె రాయి చేసుకుని, కాస్త విశాలమైన సీట్లుండే ప్రీమియం ఎకానమీ టికెట్టు కొన్నాడు. కూతురి పురిటికి ముందే వెళ్ళిన భార్య పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఏవండీ, ఎవరడిగినా సీటు ఇవ్వనని నా మీద ఒట్టేయండి."

"నేనెందుకిస్తానే?"

"మన పెళ్ళి ఫోటోలో మీ పెదనాన్నకి చోటిచ్చి, మీది చెవి ఒక్కటే పడింది. అందుకు."

మేస్త్రి ఒట్టేశాడు.

విమానంలో తన సీటు చూడగానే ఆయనకు కళ్ళు చెమర్చాయి. బొటనవేలితో నొక్కి చూశాడు. స్పాంజి మంచిది, కుట్టు సూటిగా ఉంది, కాళ్ళు చాపుకోవడానికి కింద పలక కూడా ఉంది. ఎవడో పని తెలిసినవాడే చేశాడు అనుకుంటూ నడుము వాల్చాడు. సరిగ్గా అప్పుడే వెనక తరగతిలోకి వెళ్ళే వరుసలో, భుజాన సంచితో, వియ్యంకుడు కనిపించాడు.

వియ్యంకుడు రిటైరైన హెడ్మాస్టరు. పొట్టి మనిషి, గట్టి గొంతు. వచ్చే వారం రావలసినవాడు మనవరాలి మీద బెంగతో ప్రయాణం ముందుకు జరుపుకున్నాడు. పిల్లనిచ్చిన తాను ముందు కూర్చుని, వియ్యంకుణ్ణి వెనక్కి పంపడమా! మేస్త్రి కింద నిప్పు పెట్టినట్టు లేచాడు.

"బావగారూ! మీరిక్కడ కూర్చోండి. నేను వెనక్కి వెళ్తాను."

"అబ్బే, వద్దు బావగారూ."

ఇలాంటి వాటికి మనవాళ్ళలో ఒక లెక్కుంది. ఇచ్చేవాడు మూడుసార్లు ఇవ్వాలి, పుచ్చుకునేవాడు మూడుసార్లు వద్దనాలి. అప్పుడు ఎవరి వస్తువు వాళ్ళ దగ్గరే ఉంటుంది, పరువు ఇద్దరికీ దక్కుతుంది. ఆ ధైర్యంతోనే మేస్త్రి రెండోసారి గట్టిగా చెయ్యి పట్టుకుని మరీ లాగాడు. వెనకనున్నవాళ్ళు "త్వరగా తెమల్చండి సార్" అని కేకలు వేస్తున్నారు. వియ్యంకుడు అటూ ఇటూ చూసి, "సరే, మీరింతగా అంటుంటే..." అని కూర్చున్నాడు.

మూడోసారి అనవలసిన మాట మేస్త్రి నోట్లోనే ఉండిపోయింది.

కాళ్ళీడ్చుకుంటూ వియ్యంకుడి సీటు దగ్గరికి వెళ్ళి చూస్తే, ఆ వరుసలో మూడు సీట్లూ ఖాళీ! ఎంచక్కా పడుకుని వెళ్ళవచ్చు. దేవుడున్నాడనుకుని బూట్లు విప్పాడు. ఒక బూటు విప్పేసరికి చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ, వెనకాల భర్త ప్రత్యక్షమయ్యారు.

"అంకుల్, మాకు దూరదూరంగా సీట్లొచ్చాయి. పాప పడుకోవాలి..."

పాప అనగానే మేస్త్రికి తన మనవరాలే గుర్తొచ్చింది. "దానికేం తల్లీ, కూర్చోండి" అని, ఒక బూటు కాలికీ ఒకటి చేతిలోనూ పెట్టుకుని భర్తగారి సీటుకు వెళ్ళాడు. అక్కడ పక్కనున్న పెద్దావిడ తన చెల్లెలు వెనకెక్కడో ఒంటరిగా ఉందని కళ్ళు తుడుచుకుంది. చెల్లెలి సీటుకు వెళ్తే, పక్కనున్న పెద్దమనిషి తనకు మోకాళ్ళ నొప్పులనీ, చివరి వరుసలో ఉన్న తన తమ్ముడు పక్కనుంటే కాళ్ళు పడతాడనీ చెప్పాడు. అలా ఒక్కో మెట్టూ దిగి దిగి మేస్త్రి విమానం తోక దగ్గర, బాత్రూము గోడకు ఆనుకుని ఉన్న నడిమి సీట్లో తేలాడు. అది వెనక్కి వాలదు. స్పాంజి నొక్కి చూడబోయి, ఎందుకులే అని ఊరుకున్నాడు.

సగం దారిలో నడుము పట్టేయడం మొదలైంది. ఇక లాభం లేదని, వంగిన నడుముతోనే ముందుకు నడిచాడు. ఊరికే పలకరిస్తే వియ్యంకుడే గ్రహించి సీటు తిరిగిస్తాడని ఆశ. వియ్యంకుడు నడుం దాకా దుప్పటి కప్పుకుని, కళ్ళు తెరుచుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎలా ఉంది బావగారూ?"

"స్వర్గం అనుకోండి. మీకక్కడ?"

"అంతకన్నా హాయి."

ఇద్దరూ నవ్వారు. మేస్త్రి మళ్ళీ తోక దగ్గరికి వెళ్ళి, ఆ నవ్వును మిగతా దారంతా తిట్టుకున్నాడు.

విమానం దిగాక ఆయన లేవబోతే నడుము సహాయ నిరాకరణ చేసింది. చక్రాల కుర్చీలో లిఫ్టు దాకా తోసుకొచ్చారు. అక్కడ ఇంకో చక్రాల కుర్చీ ఎదురుచూస్తోంది. అందులో వియ్యంకుడు!

"మీకేమైంది బావగారూ?"

"ఏం చెప్పను! ఆ సీటు నాకు మరీ ఎత్తు. కాళ్ళు నేలకందవు, ఆ పలకకీ అందవు. వేలాడీ వేలాడీ పాదాలు పూరీల్లా పొంగాయి. మీరైనా పడుకున్నారు కదా? మూడు సీట్లూ ఖాళీగా ఉన్న వరుసని టికెట్టు తీసుకునేటప్పుడే నేను వెతికి పట్టుకున్నాను."

"మరి నేను రమ్మంటే వచ్చేశారేం?"

"వద్దంటే మీరు నొచ్చుకుంటారని!"

మనిషి కూర్చునే ఎత్తు చూపుతోనే కొలిచే మేస్త్రి, ఆ పొట్టి కాళ్ళను ఒక్కసారైనా చూడలేదు. లిఫ్టు దిగేవరకూ ఆయనకు నడుముకన్నా అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

బయట భార్య, అల్లుడు, చేతుల్లో పొత్తిళ్ళతో కూతురు నిలబడి ఉన్నారు. భార్య కుర్చీ వంక చూసి, "సీటు ఎవరికిచ్చారు?" అంది. మేస్త్రి ఆ మాట వినలేదు. ఆయన కళ్ళన్నీ పొత్తిళ్ళ మీదే ఉన్నాయి. గుప్పెడంత మొహం, ఆవులిస్తోంది.

"నాన్నా, మామయ్యగారూ, ముందు ఎవరెత్తుకుంటారు?" అంది కూతురు.

వియ్యంకుడు చేతులు చాపబోయి, మర్యాద గుర్తొచ్చి ఆగాడు. "ముందు మీరే ఎత్తుకోండి బావగారూ."

మేస్త్రి నోరు అలవాటుగా 'అబ్బే, మీరు' అనడానికి తెరుచుకుంది. అంతలో పాప కళ్ళు విప్పింది.

"అలాగే బావగారూ," అన్నాడు మేస్త్రి. "ఇటివ్వమ్మా."

లేవలేని నడుము, లేవనక్కర్లేని కుర్చీ. పాపను ఒళ్ళో పెట్టుకుని, కారు దాకా ఎవరికీ ఇవ్వలేదు. వియ్యంకుడు రెండుసార్లు దగ్గాడు, మేస్త్రికి వినపడలేదు.

కారు తలుపు తీయగానే ముందు సీట్లో వియ్యంకుడు, ఎవరూ కూర్చోమనకుండానే, ఎక్కి కూర్చున్నాడు.