పుట్టని డైరెక్టరు

ఒక పెద్ద అడవిలో, జంతువులు పులికన్నా ఎక్కువగా భయపడే రికార్డుల ఆఫీసు ఒకటుండేది. అక్కడి పాత కంప్యూటర్ ఏనాడో మూలపడింది. దాని డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒక పెద్ద ఇమేజ్ ఫైల్‌గా మార్చి, కొత్త సర్వర్‌లో వర్చువల్ మెషిన్‌గా, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిపిస్తున్నారు. నడుస్తోందని అనుకోవడమే గానీ, ఒక్క కాగితం బయటికి రావాలంటే పొద్దు వాలేది.

ఆ సర్వర్ చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగి ముంగిస. ఒకరోజు ముసలి కుందేలు దాని కిటికీ దగ్గరకొచ్చి నిలబడింది.

"వానలు మొదలయ్యేలోగా బొరియ పట్టా చూపించకపోతే మమ్మల్ని ఏటి అవతలికి తోలేస్తారట నాయనా. ఇంటినిండా పసికూనలు."

ముంగిస వెంటనే కీబోర్డు ముందుకు జరిగింది. అప్పటికప్పుడు సొంతంగా ఒక స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, రాసింది. మెషిన్‌తో పనిలేకుండా అది నేరుగా ఇమేజ్ ఫైల్‌ను మౌంట్ చేస్తుంది. బీరువా తలుపు తీసినట్టు లోపలి ఫైళ్లన్నీ కనబడతాయి. చదవడానికి మాత్రమే, రాయడానికి వీల్లేదు. ముందుజాగ్రత్తగా ఇమేజ్‌కి ఒక నకలు కూడా తీసిపెట్టుకుంది. నిమిషంలో పట్టా దొరికింది. ఇక డైరెక్టరు సంతకం ఒక్కటే మిగిలింది.

డైరెక్టరు ఎలుగుబంటి గారికి ఆ నెలాఖరుకే రిటైర్మెంట్. స్క్రిప్టు సంగతి వినగానే పట్టా పక్కన పెట్టేశారు. తన పుట్టిన తేదీ గుర్తొచ్చింది మరి!

"చదవడానికి మాత్రమేనా? నేను డైరెక్టర్నా, పేపరు చదువుకోవడానికొచ్చినవాణ్ణా? రాసే పర్మిషన్ పెట్టు."

"మెషిన్ నడుస్తుండగా బయటినుంచి కూడా రాస్తే డిస్క్ పాడైపోతుంది సార్. కాసేపు ఆపనివ్వండి."

"ఆపితే ఎందుకాపావని పైవాళ్లు అడుగుతారు. నీ కాంట్రాక్టు కూడా ఈ నెలాఖరుకే కదూ?"

ముంగిస పర్మిషన్ ఇచ్చింది. తన మీద తనకే అసహ్యమేసింది.

ఎలుగుబంటి గారు ముచ్చటగా మూడేళ్ల వయసు తగ్గించుకున్నారు. సరిగ్గా అప్పుడే మెషిన్ కూడా అదే చోట ఏదో రాసుకుంది. రికార్డులు కలగాపులగమైపోయాయి. మర్నాడు హాజరు యంత్రం మీద పంజా పెడితే జవాబొచ్చింది: 'ఈ జంతువు ఇంకా పుట్టలేదు.'

"నకలుంది సార్," అంది ముంగిస. "అది పెడితే మీరు మళ్లీ పుడతారు. కాకపోతే అసలు తేదీకే. నెలాఖరుకి ఇంటికెళ్లాలి."

ఎలుగుబంటి గారు సాయంత్రందాకా ఆలోచించి, రూల్సు పుస్తకం తెరిచారు. నకలు పెట్టాలంటే డైరెక్టరు ఆర్డరు ఉండాలి. పుట్టని డైరెక్టరు సంతకం చెల్లదు. పుట్టనివాణ్ణి రిటైర్ చేసే రూలు మాత్రం ఎక్కడా లేదు!

నెలాఖరుకి ముంగిస ఉద్యోగం ఊడింది. ఎలుగుబంటి గారు కుర్చీలోనే ఉన్నారు.

"అయ్యా, నా పట్టా మీద సంతకం?" అని కుందేలు చేతులు జోడించింది.

"నేను పుట్టాక రా," అన్నారాయన.

తొలకరి పడిన రోజు కుందేలు కూనల్ని వెంటబెట్టుకుని ఏరు దాటింది. గట్టు మీద నిలబడ్డ ముంగిస సిగ్గుతో తలెత్తలేకపోయింది.

నీతి: పుట్టినవాడు ఎప్పటికైనా రిటైరవ్వాల్సిందే, కలకాలం కుర్చీలో ఉండాలంటే పుట్టకుండా ఉండాలి.