పన్నెండు వోల్టుల మౌనం

ముందు గుయ్యిమని మోత వినిపించింది. తరువాత యానాం రోడ్డు పక్కనున్న వాహన తనిఖీ మైదానంలోకి ముదురెరుపు కారు వచ్చింది. ఆ కారులోని కంప్యూటరుకు, యాంప్లిఫయరుకు, నాలుగు స్పీకర్లకు కావలసిన కరెంటు మాత్రం యథాప్రకారం, ముందు సీటులో కూర్చున్న ఇల్లాలు ఇరవై ఆరేళ్లుగా పలకని భర్త పేరు నుంచి వస్తోంది.

ఇందులో వింత లేదు. ఆ పట్టణంలో పరికరాలన్నీ అనని మాటల మీదే నడుస్తాయి. తనిఖీ కార్యాలయంలోని ఆరు ఫ్యాన్లు, క్యూలో నిలబడినవారు అధికారులతో అనబోయి మింగిన మాటలతో తిరుగుతాయి. బిగించిన నాటి నుంచి అవి ఆగిన దాఖలా లేదు.

కారు సూర్యభాస్కరానిది. పెళ్లి ఊరేగింపుల ముందు పాటలు వినిపించడం అతని వృత్తి. అనుమతి పత్రం గడువు ఆ రోజుతో ముగుస్తుంది; సాయంత్రం అయిదింటికి వంతెన దగ్గర ఒక పెళ్లికొడుకు ఎదురు చూస్తుంటాడు. పాత పత్రంలో 'శక్తి మూలం' అన్న గడిలో 'భార్య, ఒకటి' అని రాసి ఉంది.

వెంట వచ్చిన ఎలక్ట్రీషియన్ అబ్బులు స్పీకరుకు చెవి ఆనించి మోత సంగతి తేల్చాడు.

"ఎర్తు బాగానే ఉందండి. అమ్మగారికి పేరు నాలిక చివరికొచ్చేసిందండి. అందుకే గుయ్యిమంటంది."

"సాయంత్రం దాకా ఆపుకో," అన్నాడు భర్త.

"ఇరవై ఆరేళ్లుగా మీకు ఆ సాయంత్రం కావట్లేదు," అన్నది భార్య.

"అసలు బ్యాటరీ నుంచే ఎర్ర వైరు లాగి, మధ్యలో ఫ్యూజేసి, నల్ల వైరు బండి ఒంటికి బిగిస్తే సరిపోద్దేమోనండి," అన్నాడు అబ్బులు. "ఎవరూ చెయ్యనివ్వట్లేదు గానీ."

అబ్బులు కాస్త ఊహాజీవి అని మైదానంలో అందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోలేదు.

తనిఖీ అధికారిణి వసుంధర ముందు సీటుకు మీటరు తగిలించి, పూర్తి స్థాయిలో పాట పెట్టించింది. సూర్యభాస్కరం కారు వెనక్కి వెళ్లి, కళ్లు మూసుకుని, వెనక స్పీకర్ల తీరు వింటున్నాడు. అప్పుడే ఒక లారీ అతని వైపు రివర్సులో రాసాగింది.

"ఏమండీ," అని భార్య కేక వేసింది. మైదానంలో ఉన్న పద్నాలుగు మంది భర్తలు తిరిగి చూశారు. ఆమె భర్త చూడలేదు. మళ్లీ పిలిచింది. ఈసారి లారీ డ్రైవరు కూడా తల తిప్పాడు. బండి మాత్రం ఆపలేదు.

"సూర్యభాస్కరం," అని అరిచింది.

పాట చరణం మధ్యలో తెగింది. ఆ నిశ్శబ్దంలో అతనికి లారీ వినిపించింది. పక్కకు దూకాడు.

మీటరు ముల్లు సున్నాకు పడింది. "మూలం ఖాళీ," అని వసుంధర రాసుకుంది. ఖాళీ అయిన మూలం మాత్రం కారు దిగి, ఆ పేరును కొత్త మామిడిపండులా రుచి చూస్తోంది. "సూర్యం. భాస్కరం. సూర్యభాస్కరం గారూ." ప్రతిసారీ ఒక్కో రాగం. వింటున్న పద్నాలుగు మంది భర్తలూ కొంచెం అసూయపడ్డారు.

అబ్బులు ఎందుకైనా మంచిదని మీటరును డ్రైవరు సీటుకు తగిలించి, భర్తను కూర్చోబెట్టాడు. ముల్లు పన్నెండు దాటింది. ఇరవై ఆరేళ్లుగా అతను భార్యను 'ఇదిగో' అనీ, 'ఏమేవ్' అనీ, 'నిన్నే' అనీ మాత్రమే పిలిచాడు.

"పత్రం ఇవ్వవచ్చు," అన్నది వసుంధర, అందరినీ కార్యాలయంలోకి నడిపించి. "మీరు పలకని పేరేమిటో చెప్పండి, రాసుకుంటాను."

"చెబితే ఖాళీ అయిపోద్ది కదండీ," అన్నాడు అబ్బులు.

"అవును. చెప్పకపోతే పత్రం రాదు. అందుకే అందరూ 'మరచిపోయాను' అని రాసి సంతకం పెడతారు. నిరుడు నాలుగు వందల పన్నెండు మంది పెట్టారు. ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు."

సూర్యభాస్కరం కలం తీసుకున్నాడు. గడియారం నాలుగు చూపిస్తోంది. భార్య అతని చేతిని చూస్తూ నిలబడింది. బయట కారులో స్పీకర్లు మెల్లగా మొదలెట్టాయి, గుయ్యిమని.

"ఏంటి భాస్కరం గారూ," అన్నది ఆమె, నవ్వు దాచకుండా. "మీ ఎర్తు గానీ వదులయ్యిందా?"

మోత పెరిగింది. కిటికీ అద్దాలు వణికాయి. "త్వరగా కానివ్వండి, వెనక జనం ఉన్నారు," అన్నది వసుంధర. వెనక జనం ఏదో అనబోయి మానుకున్నారు. ఫ్యాన్లు వేగం పుంజుకున్నాయి.

"అబ్బులూ," అన్నాడు సూర్యభాస్కరం. "నీ దగ్గర ఎర్ర వైరు ఎంతుందిరా?"

"అయిదు మీటర్లుందండి. ఫ్యూజు కూడా ఉందండి, జేబులో పెట్టుకునే తిరుగుతానండి."

అతను కలం బల్ల మీద పెట్టాడు. పెళ్లినాడు పురోహితుడి వెంట ఒక్కసారి పలికిన మాటను వెతుక్కుంటున్నట్టు గొంతు సవరించుకున్నాడు. తరువాత భార్య వైపు తిరిగి, ఆరు ఫ్యాన్ల హోరును దాటి వినిపించేలా పలికాడు:

"మంగతాయారూ."