పాసైతేనే తాళంచెవి

ఇల్లు లేనివాళ్లకు ఇల్లివ్వడమంత ప్రమాదం మరొకటి లేదు. నవ్వకండి. ఈ రంగంలో తలపండినవాణ్ణి, చెబుతున్నాను వినండి.

నేను గృహయోగ్యతా శిక్షకుణ్ణి. అంటే వీధిలో పడుకునేవాళ్లకు ఇంట్లో ఉండటం నేర్పేవాణ్ణి. మా కేంద్రం పద్ధతి మహా శాస్త్రీయం. మొదటి మెట్టు పరిశుభ్రత, తర్వాత వేళకు నిద్ర, ఆ పైన వంట, చిట్టచివర ఇరుగుపొరుగుతో సఖ్యత. అన్నీ పాసైతే తాళంచెవి. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికే! ఈత రానివాణ్ణి నీళ్లలోకి తోసేస్తామా? ఒడ్డు మీద బోర్లా పడుకోబెట్టి చేతులాడించమనాలి. మేం చేసేదీ అదే.

మా హాల్లో గోడలు లేని తలుపు ఒకటుంది. చట్రంతో సహా నేలకు బిగించాం. గడియ వేయడం, తీయడం దాని మీదే నేర్పుతాను. వంట క్లాసులో బోర్డు మీద స్టవ్ బొమ్మ గీస్తాను. మంట తగ్గించండి అనగానే అందరూ గాల్లో చెయ్యి తిప్పుతారు. ఆ మధ్య ఒక పెద్దాయన అటు తిప్పబోయి ఇటు తిప్పి మంట పెంచేశాడు. నిర్దాక్షిణ్యంగా మొదటి మెట్టుకు పంపాను.

ఇంతవరకు ఎవరైనా పాసయ్యారా అని అడుగుతారు మీరు. తొందరెందుకండీ? నాణ్యత ముఖ్యం.

ఇక టైలరమ్మ సంగతి. బస్టాండు పక్క ఫుట్‌పాత్ మీద కుట్టుమిషను పెట్టుకుని, రాత్రిళ్లు దాని కాలికీ తన కాలికీ కలిపి తాడు కట్టుకుని పడుకునేది. నిద్ర మెట్టు దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోయింది. క్లాసుకు రమ్మంటే మిషను వదిలి రానంటుంది. మిషను తెస్తానంటే క్లాసులోకి సామాను నిషేధం. ఎలాగో వచ్చిన ఒక్కరోజూ నేను గాఢనిద్ర ప్రయోజనాలు వివరిస్తుంటే గురక పెట్టి నిద్రపోయింది. థియరీ వినకుండా ప్రాక్టికల్‌కు దిగితే మార్కులెలా వేస్తాం?

అంతా సవ్యంగా సాగుతుండగా మా కేంద్రానికి అధికారిగా కొత్త మేడమ్ వచ్చింది. "ముందు ఇల్లిచ్చేద్దాం. మిగతావి వాళ్లు ఇంట్లో ఉండగా చూసుకోవచ్చు. ఏ సాయం కావాలన్నా మనమే వాళ్ల దగ్గరికి వెళదాం" అంది. ఆవిడ అన్నంత పనీ చేసింది. టైలరమ్మకు ఓ గది చూపించి తాళంచెవి చేతిలో పెట్టింది, ఒక్క పరీక్షైనా లేకుండా!

కేంద్రాన్ని నడిపే మా కమిటీ పెద్దలు గోలగోల చేశారు. చివరికి రాజీ కుదిరింది. నెల గడిచాక నేను వెళ్లి చూడాలి. ఆమె ఇంటికి యోగ్యురాలు కాదని రాస్తే గది వెనక్కి తీసుకుంటారు. అంటే టైలరమ్మ ఉండటమా, మళ్లీ ఫుట్‌పాత్ ఎక్కడమా అన్నది నా పెన్ను మీద ఆధారపడింది.

నెల తిరగ్గానే వెళ్లాను. తలుపు కొట్టాను. పలుకు లేదు. మళ్లీ కొట్టాను. చాలాసేపటికి గడియ తీసింది. పట్టపగలు, చెంప మీద దిండు అచ్చు!

"పగలు నిద్రేమిటమ్మా?" అన్నాను కటువుగా.

"ఇన్నాళ్లూ ఒక కన్ను తెరిచే పడుకున్నాను సార్. ఇప్పుడు రెండూ మూస్తుంటే లేవబుద్ధి కావట్లేదు" అంది.

గదంతా కలయజూశాను. తప్పులు దొరికాయి, దొరక్కేం! పాలు పొంగి స్టవ్ చుట్టూ అట్టకట్టి ఉన్నాయి. కిటికీ ఊచలకు తడిబట్టలు. నీళ్లు పట్టుకునే దగ్గర పక్కింటావిడతో మాటా మాటా అయిందని తనే చెప్పింది. ఆవిడ ఈమె దగ్గర బట్టలు కుట్టించుకుంటూనే మాట్లాడటం మానేసిందట. ఏ మెట్టు తీసుకున్నా ఫెయిలే.

"నువ్వింకా చాలా నేర్చుకోవాలమ్మా" అన్నాను.

"నేర్పండి సార్. ఇప్పుడైతే వింటాను" అని ఉన్న ఒక్క కుర్చీ నా ముందుకు లాగి, తను నేల మీద చతికిలబడి కూర్చుంది.

ఇన్నేళ్ల సర్వీసులో పాఠం చెప్పమని నన్నడిగిన మొదటి మనిషి ఆమే. సంతోషించాల్సింది పోయి నాకు సిగ్గేసింది. ఆ కుర్చీలో కూర్చోకుండానే వచ్చేశాను.

ఇంటికొచ్చి, యోగ్యురాలు కాదని రిపోర్టు రాయబోతూ, ముందు కాస్త టీ తాగుదామని స్టవ్ వెలిగించాను. పాలు పొంగి గట్టంతా పారాయి. మా ఆవిడ గుడ్డ పట్టుకుని వచ్చింది.

"ఈ క్వార్టర్స్‌లోకి వచ్చి ఇన్నేళ్లయింది. పాలు కాచడం ఎప్పుడొస్తుందండీ మీకు?"

"నేర్చుకుంటాలే."

"అయితే నేర్చుకునేదాకా ఇల్లు ఖాళీ చేద్దామా?"

ఏం మాటండీ అది! ఖాళీ చేసి ఎక్కడుంటాం? తల దాచుకోవడానికి చోటే లేకపోతే మనిషి ఏం నేర్చుకుంటాడు? ఆ మాటే గట్టిగా అడిగేశాను. ఆవిడ బల్ల మీద నేను రాయబోతున్న రిపోర్టు కాగితం వైపు ఒకసారి చూసి, గట్టు తుడుచుకుంటూ ఉండిపోయింది.

అందుకని, పాఠక మహాశయులారా, రిపోర్టు ఖరాఖండిగా రాసి పంపాను. "ఈమెకు ఇంట్లో ఉండటం రాదు. కాబట్టి ఇంట్లోనే ఉండనివ్వాలి. ఇల్లు లేకుండా నేర్పడం నాకు చేతకాలేదు."