కుంట నీళ్లు ఏ శాఖవి?

ప్రజారోగ్య రక్షణలో మన నగరాన్ని మించింది లేదు. ప్రజ అంటే ఎవరో, నీళ్లు ఏ శాఖవో తేలనిదే ఇక్కడ ఎవరినీ తొందరపడి కాపాడరు.

గౌలిపురలో నాది పశువుల దాణా దుకాణం. వెనకనున్న కుంట ఈ ఎండాకాలం పచ్చరంగు ఒలకబోసినట్టు నాచు కట్టింది. మా వీధిలో పాలు పోసే బీరయ్య బర్రె ఒకటి ఆ నీళ్లు తాగి నురగలు కక్కి చచ్చింది. విషపు నాచేనని పశువుల డాక్టరు తేల్చాడు. మిగిలిన రెండు బర్రెల మీదే బీరయ్య ఇల్లు నడవాలి; ఇంట్లో నల్లా నీళ్లు వాటి దాహానికి చాలవు. అవీ పోతే నా తవుడు బేరమూ పోతుంది గనుక (మానవత్వంతో) మున్సిపల్ ఆఫీసుకు తోడు వెళ్లాను.

జలవర్ణ పర్యవేక్షణాధికారి అమరనాథ్ గారు ఓపికగా విన్నారు. నీళ్లు చెరువుల శాఖవట. నాచు మొక్క గనుక తోటల శాఖది. చచ్చిన బర్రె చెత్త శాఖది (బతికుండగా వచ్చి ఉంటే వేరే శాఖ).

"మనుషులెవరన్న తాగిన్రా?"

"గా కంపు నీళ్లు ఎవడు తాగుతడు సార్?"

"అయితే ప్రజారోగ్యం కిందికి రాదు." బీరయ్య ముఖం చూసి ఆయనకే జాలేసింది. "ఒక్క దారుంది. పాలల్ల కలిస్తే గది ఆహారం. ఎంటనే యాక్షన్. పాలల్ల నీళ్లు కలుపుతవ్ గదా?"

"మా తాత కాలం నుంచి కలపలే సార్!"

"ఏందయ్యా, గిట్లయితే నేనెట్ల సాయం చేస్త?"

బీరయ్యను వరండాలోకి లాగాను. "కుంట నీళ్లు కలిపిన్నని రాసియ్యి. పేరు పోతే మల్లొస్తది, బర్రె పోతే వస్తదా?"

"గిరాకీలు మొకం మీద ఉమ్ముతరు సేటూ."

"కుంట సాఫైతది. గది చూడు."

లెక్క నాది, వేలిముద్ర అతనిది.

తెల్లారేసరికి అమరనాథ్ గారి జీపు వచ్చింది. బీరయ్య క్యాన్లు జప్తు చేసి, తలుపుకు 'ఇక్కడి పాలు విషం' అని బోర్డు కొట్టారు.

"మరి కుంట, సార్?"

"నీ పాలు బంద్ అయినయ్ గదా! ఇగ గా నీళ్లు మనుషుల దాంక రావు. ఫికర్ చెయ్యకు."

నగరానికి ముప్పు తప్పిందని పత్రికా ప్రకటన కూడా వెలువడింది.

బీరయ్య బర్రెలను పక్కవీధి ప్రహ్లాద్ చవగ్గా కొన్నాడు. ఇప్పుడు అందరికీ పాలు పోసేది ఆయనే. ఆయనకు సొంత బోరుంది గానీ, ఆ నీళ్లు బర్రెలకే సరిపోతాయట, పాలలోకి కుంటవే. అదేమని అడిగాను.

"నేనేమన్న రాసిచ్చిన్నా భాయ్?" అన్నాడు.

మా దగ్గర బర్రెలన్నీ ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నాయి.