గొప్పతనం తేలేవరకు స్టార్టు చేయరాదు

ఉత్తమ ఇంజన్ నిర్ధారణ సంఘం తన నాలుగు వందల పన్నెండవ ఆదివారం సమావేశాన్ని, అంతకుముందరి నాలుగు వందల పదకొండు సమావేశాల మాదిరిగానే, ఏమీ నిర్ధారించకుండా దిగ్విజయంగా ముగించిందని తెలియజేయడానికి కార్యవర్గం మిక్కిలి సంతోషించింది. ఆ సంతోషాన్ని నోటీసు బోర్డు మీద అంటించారు. చెవుల మేస్త్రీ బోర్డు ముందు నిలబడి దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఈమధ్య ఆయన చదవడం ఎక్కువైంది. చెబితే వినబడడం తగ్గింది మరి.

మేస్త్రీకి ఆ పేరు ఊరికే రాలేదు. నలభై ఏళ్ళు కార్ల షెడ్డులో పనిచేశాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను నడుస్తున్న ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి అదిమిపెట్టుకుని, లోపల ఏ వాల్వు సరిగా మూసుకోవడం లేదో, ఏ బేరింగు అరిగిందో విప్పకుండానే చెప్పేవాడు. ఏ ఇంజన్లను విని పేరు తెచ్చుకున్నాడో ఆ ఇంజన్లే ఆయన చెవులను తినేశాయి. కుడిచెవి రెండేళ్ళ కిందటే సెలవు తీసుకుంది. ఎడమచెవికి ఆరు నెలలు గడువని, దాదాపు ఆర్నెల్ల కిందట చెవుల డాక్టరు చెప్పాడు. మేస్త్రీకి వినబడలేదు. డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు.

ఆ ఆరు నెలల్లో మేస్త్రీకి ఒకటే కోరిక. సంఘం హాల్లో ఇనుప స్టాండు మీద, ముఖమల్ గుడ్డ కింద ఉన్న పన్నెండు సిలిండర్ల ఇంజన్‌ను ఒక్కసారి స్టార్టు చేసి వినాలి.

ఆ ఇంజన్ ఒక పందెం కారుది. కారు యజమాని దాన్ని తీసుకెళ్ళి గోడకు కొట్టాడు. గోడకు ఏమీ కాలేదు. యజమాని గుర్రపు పందాలకు మారిపోయి, మిగిలిన ఇంజన్‌ను సంఘానికి దానం చేశాడు. మేస్త్రీ మూడేళ్ళ ఆదివారాలు కూర్చుని, దొరకని భాగాలను తానే లేతు మిషను మీద తిప్పి చేసుకుని, దాన్ని మళ్ళీ మనిషిని చేశాడు. ఇక తాళం తిప్పడమే తరువాయి అనుకుంటుండగా సంఘం తన నిబంధనావళిలో పద్నాలుగోది చేర్చింది: "గొప్పతనం తేలేవరకు ఏ ఇంజన్‌నూ స్టార్టు చేయరాదు. చేసినచో చర్చ ప్రభావితం కాగలదు."

నిబంధనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంజన్ ఎలా నడుస్తుందో తెలిసిపోతే అది గొప్పదో కాదో నిష్పక్షపాతంగా ఎవరు చెప్పగలరు? పైగా సభ్యుల్లో ఎవరికీ కారు లేదు. అందువల్ల వారి అభిప్రాయాలకు స్వార్థపు మచ్చ అంటలేదు. డ్రైవింగు పరీక్షలో మూడుసార్లు, మూడుసార్లూ వెనక్కి నడిపేటప్పుడే తప్పిన పెద్దమనిషిని సంఘం ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేసుకుంది.

సభ్యులు రెండు వర్గాలుగా విడిపోయి ఎంతో ఐకమత్యంగా ఉండేవారు. సిలిండర్లు ఎన్ని ఉంటే అంత గొప్ప అనేది మొదటి వర్గం. దాని నాయకుడు పళ్ళ డాక్టరు. లెక్క తగ్గితే పటుత్వం తగ్గుతుందని వృత్తిరీత్యా ఆయన నమ్మకం. సైకిలు మీద వచ్చేవాడు. సిలిండర్లు నాలుగే ఉన్నా పరవాలేదు, లోపలికి గాలిని బలవంతంగా తోసే టర్బో ఉండాలనేది రెండో వర్గం. దీని నాయకుడు బీమా ఏజెంటు. అక్కర్లేనిదాన్ని బలవంతంగా లోపలికి తోయడంలో ఆయనకు ముప్పై ఏళ్ళ అనుభవం. బస్సు ఆలస్యమైన రోజు చర్చలో టర్బో పక్షం బలహీనపడేది.

మేస్త్రీకి సంఘంలో ఓటు లేదు. ఇంజన్ పక్కన ఒక కుర్చీ మాత్రం ఉంది. వారానికోసారి ముఖమల్ గుడ్డ దులపడం, ఇంజన్ బిగుసుకుపోకుండా చేత్తో రెండు చుట్లు తిప్పడం ఆయన బాధ్యత. చేత్తో తిప్పడం స్టార్టు చేయడం కిందికి రాదని సంఘం ఏడు వారాలు చర్చించి తేల్చింది.

చెవుల డాక్టరు చీటీతో ఇంటికి వచ్చాక మేస్త్రీ సంఘానికి అర్జీ పెట్టుకున్నాడు. చేత్తో రాశాడని తిప్పి పంపారు. టైపు చేయించాడు. మూడు ప్రతులు లేవన్నారు. మూడు ప్రతులిచ్చాడు. అధ్యక్షుడు లేచి గొంతు సవరించుకున్నాడు.

"మన మేస్త్రీగారి చెవులంటే ఈ సంఘానికి అపారమైన గౌరవం ఉంది. ఆ చెవులు మన చెవులే. కానీ ఒకరి చెవుల కోసం తొందరపడి ఇంజన్ స్టార్టు చేస్తే, రేపు భావితరాలు మనల్ని ప్రశ్నిస్తాయి. కాబట్టి ముందు ఒక విషయం తేల్చుకుందాం. అసలు శబ్దం అనేది ఇంజన్ గొప్పతనంలో భాగమా, కాదా? దీనికి ఉపసంఘం వేస్తున్నాను."

ఉపసంఘం అయిదు నెలలు శ్రమించింది. శబ్దం మీద నూట నలభై పేజీల నివేదిక రాసింది. అది రాస్తున్నంతకాలం ఇంజన్ వాళ్ళ వెనకే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత. ఇక్కడ శంఖం ఊదమని చెవిటివాడే బతిమాలుతుంటే చెవులున్నవాళ్ళు అడ్డం పడ్డారు.

ఇంట్లో మేస్త్రీ భార్య ఇదంతా చూస్తూనే ఉంది. ఒకరోజు ఎడమచెవి దగ్గరికి వచ్చి అడిగింది.

"ఏవండీ, ఆ చెవి పోయేలోగా ఆ ఇనుప ముద్ద పాటే వినాలా? నా గొంతు వినాలని లేదా?"

"నీ గొంతు నాకు కంఠతా వచ్చు గదే. చెవి లేకపోయినా వినబడుద్ది. దాన్ని మాత్రం ఒక్కసారి కూడా వినలేదు."

ఆవిడకు కోపం రావాల్సిన మాటే గానీ రాలేదు. "పెట్రోలు ఎంత పడుతుందేం?" అంది.

నాలుగు వందల పదమూడవ సమావేశం రోజు పొద్దున వంటింట్లో ఆవిడ చేతిలోంచి ఇత్తడి చెంబు జారి పడింది. మేస్త్రీ అటు తిరగలేదు. ఆవిడ చెంబును మళ్ళీ పైకెత్తి కావాలనే వదిలింది. అప్పుడూ తిరగలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, పెట్రోలు డబ్బాను కూరగాయల సంచిలో పెట్టి, పైన రెండు సొరకాయలు కప్పి, మేస్త్రీ వెంట తానూ హాలుకు బయలుదేరింది.

సభ పదింటికి మొదలైంది. ముప్పై ఒక్కమంది హాజరు. చర్చనీయాంశం: "శబ్దం - ఒక పరిశీలన". మేస్త్రీ గుడ్డ దులిపే నెపంతో ఇంజన్‌కు బ్యాటరీ తగిలించాడు. నీళ్ళు పోశాడు. పొగ గొట్టాన్ని కిటికీలోంచి బయటికి పెట్టాడు. ఇవన్నీ నిర్వహణ కిందికే వస్తాయి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. భార్య సొరకాయలు తీసి కింద పెట్టి డబ్బా అందించడం పళ్ళ డాక్టరు చూశాడు గానీ, అవి చర్చనీయాంశం కావు.

మేస్త్రీ తాళం తిప్పాడు.

హాలు ఒక్కసారిగా అదిరింది. అధ్యక్షుడి ముందున్న గ్లాసు బల్ల చివరిదాకా నడుచుకుంటూ వెళ్ళి కింద పడింది. నూట నలభై పేజీలూ గాల్లోకి లేచాయి. ముప్పై ఒక్కమంది సభ్యులూ, రెండు వర్గాల వాళ్ళూ, అరవై రెండు చెవుల్లో వేళ్ళు దూర్చుకున్నారు. అధ్యక్షుడు బల్ల మీదికి వంగి అరిచాడు.

"ఎవరయ్యా అది? ఆపండి ఆ రొద. ఇక్కడ ఇంజన్ శబ్దం గురించి మాట్లాడుకుంటున్నాం, ఒక్క ముక్క వినపడి చావడంలేదు."

మేస్త్రీకి ఆ అరుపూ వినబడలేదు, ఇంజనూ వినబడలేదు. ముఖమల్ గుడ్డ వణకడం, కిటికీ అద్దాలు కదలడం కనిపిస్తున్నాయి. మూడేళ్ళ పని, అయిదేళ్ళ ఎదురుచూపు కళ్ళ ముందు మూగగా అదురుతున్నాయి. ఆయనకు ఏడుపు వచ్చింది. అలవాటుగా చెయ్యి జేబులోకి వెళ్ళి స్క్రూడ్రైవర్ తీసింది. కొన ఇంజన్ మీద ఆనించాడు. పిడిని చెవి దగ్గరికి తీసుకెళ్ళి, ఆగి, నోట్లో పెట్టుకుని పళ్ళతో గట్టిగా కరిచాడు.

అప్పుడు వచ్చింది. దవడలోంచి, పుర్రెలోంచి, పన్నెండూ వచ్చాయి. ఒకదాని వెనక ఒకటి, వరస తప్పకుండా. మేస్త్రీ కళ్ళు మూసుకున్నాడు. నిమిషమున్నర పాటు ఆయనంత సుఖపడిన మనిషి ఆ హాల్లో లేడు. తర్వాత ఇంజన్ ఆపి, పిడి తుడుచుకుని, భార్యతో చెప్పాడు.

"ఏడోదాంట్లో వాల్వు కొంచెం టిక్కుమంటోందే. మిగతాదంతా బంగారం."

ఎనిమిదేళ్ళలో ఆ హాల్లో ఆ ఇంజన్ గురించి ఎవరైనా చెప్పిన నిజం అదొక్కటే. చెప్పినవారికి ఓటు లేనందున అది రికార్డుల్లోకి ఎక్కలేదు.

పద్నాలుగో నిబంధన ఉల్లంఘన మీద విచారణ ఆ పూటే జరిగింది. ఇంజన్ స్టార్టయిందని సాక్ష్యం చెప్పాల్సిందిగా సభ్యులను కోరారు. ముప్పై ఒక్కమందీ తమ చెవుల్లో వేళ్ళున్నాయని, కాబట్టి ఏమీ వినలేదని ప్రమాణపూర్వకంగా చెప్పారు. విన్నానన్నది ఒక్కడే. అతనికి చెవులు వినబడవని డాక్టరు రాసిచ్చిన చీటీ అర్జీతో జతపరిచే ఉంది. కనుక ఇంజన్ స్టార్టు కాలేదని సంఘం తీర్మానించింది. అధ్యక్షుడి ఎన్నిక తర్వాత అది తొలి ఏకగ్రీవం. శుభ్రంగా ఉంచాల్సిన హాలును సొరకాయలతో మురికి చేసినందుకు మేస్త్రీని తొలగించారు. ఆయన భార్య సొరకాయలు సంచిలో వేసుకుంది. ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికి నడిచారు.

సంఘం ఎప్పటిలాగే నడుస్తోంది. ఇంజన్ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. దానికి ప్రత్యేకమైన అర్హతలేమీ అక్కర్లేదు. ఇంతసేపూ ఈ కథ చదువుతూ, ఇంతకీ ఆ ఇంజన్ ఏ కంపెనీదో చెప్పలేదేమని మీకు ఒక్కసారైనా అనిపించి ఉంటే చాలు. ఆదివారం పదింటికి వచ్చేయండి.