రాజలింగు మీ ఇంటికే వస్తారు

పొద్దున్నే తలస్నానం చేసి, కొత్త తెల్ల పంచె కట్టి, కండువా వేసుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు రాజలింగు. భూపాలపల్లి బజారులోని ఆయన బట్టల దుకాణానికి ఆ మధ్యాహ్నం మూడింటికి ఆన్‌లైన్ ముహూర్తం. ఆర్నెల్లుగా సాగిన ఆ పని రాత్రే పూర్తయింది. ఊళ్లోకి మాల్ వచ్చినప్పటి నుంచి పెళ్లిబట్టలకు జనం అటే పోతున్నారు. చావుకు కావలసిన తెల్లబట్టకు మాత్రమే ఈయన గడప తొక్కుతున్నారు. ఊళ్లో చావులను నమ్ముకుని మనిషి ఎన్నాళ్లని బతుకుతాడు? ఈ ఆన్‌లైన్ కూడా నడవకపోతే దసరా తర్వాత షట్టర్ దించేద్దామని తేల్చి చెప్పి కొడుకు గనిలో డ్యూటీకి పోయాడు. షట్టర్ దించాక తానేం చేయాలో రాజలింగుకు ఎవరూ చెప్పలేదు.

"మామా, జర నవ్వుండ్రి" అంది ఫోను పట్టుకున్న కోడలు గీతాంజలి.

"నవ్వుడెందుకే? పంచె అమ్ముతున్నమా, పండ్లు అమ్ముతున్నమా?"

నవ్వకుండానే ఫోటో అయింది. మరీ బోసిగా ఉందని గీతాంజలి చుట్టూ బంతిపూల అంచు పెట్టింది. కింద పుస్తకాల భాషలో రాసింది: 'ఇన్నేళ్లుగా మనందరికీ బట్టలమ్మిన రాజలింగు గారు ఇకపై దుకాణంలో కనిపించరు. ఆన్‌లైన్ ద్వారా మీ ఇంటికే వస్తారు.' చుట్టాల గ్రూపుకు, కులపోళ్ల గ్రూపుకు, గని కార్మికుల గ్రూపుకు పంపేసింది. మామ ప్యాకింగ్ కవర్ల కోసం పరకాల బస్సెక్కాడు. ఫోను కోడలి దగ్గరే వదిలేశాడు.

అంత రాత ఫోనులో పట్టదు కదా! 'కనిపించరు' దగ్గర తెగి, పక్కన 'మరింత చదవండి' అని పడింది. చదివే ఓపిక ఎవరికుంది? నొక్కిన ఒకరిద్దరు కూడా 'మీ ఇంటికే వస్తారు' అన్నది చూసి జడుసుకుని ఫోను బోర్లా పెట్టేశారు.

దండాలు పెట్టే చేతుల బొమ్మలు వరదలా వచ్చి పడ్డాయి. మామకు ఇంత మర్యాద ఉందా అని గీతాంజలి మురిసిపోయింది. ఫోన్లు కూడా మొదలయ్యాయి.

"ఎట్లయింది బిడ్డా?"

"ఆర్నెల్ల సంది నడుస్తనే ఉండె. రాత్రి అయిపోయింది."

"అయ్యో! శాన కష్టపడ్డడమ్మా."

"ఇగ నిమ్మలంగుంటడు తియ్యి. మూడింటికి పెట్టుకున్నం, అందరు రావాలె."

చావింటికి కొత్త బట్ట పట్టుకుపోవడం ఆనవాయితీ. తెల్లబట్టంటే రాజలింగు దుకాణమే. కానీ పోయినవాడికి కప్పే బట్ట పోయినవాడి దుకాణంలోనే ఎట్లా కొంటారు? అందరూ మాల్‌కు పోయారు.

కవర్ల మూటతో బస్సు దిగిన రాజలింగుకు దుకాణం ముందు ముహూర్తానికి వేయించిన షామియానా నిండా జనం కనిపించారు. గుండె ఉప్పొంగింది. ఆన్‌లైన్ అంటే ఇంతమంది వస్తారని తెలిస్తే ఎప్పుడో మొదలుపెట్టేవాడు. తలలు వంచుకుని కూర్చున్న వాళ్ల వెనక నిలబడ్డాడు. పక్క టీ హోటలు ఎల్లేశ్ ఎవరితోనో అంటున్నాడు.

"మనిషి మంచోడే. రేటు మాత్రం రూపాయి దింపకపోయేది."

"నీ బిడ్డ పెండ్లికి దింపలేదురా?" అన్నాడు రాజలింగు వెనకనుంచి.

ఎల్లేశ్ తిరిగి చూశాడు. చూసి, కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. ఆ తర్వాత ఎవరు ఎవరి మీద పడ్డారో చెప్పడం కష్టం.

గోల సద్దుమణిగేసరికి అందరికీ సంగతి తెలిసింది. బతికున్నందుకు సంతోషించాల్సింది పోయి, డ్యూటీ నాగా పెట్టి వచ్చినవాళ్లు మొహాలు మాడ్చుకున్నారు. చావింటికి తెచ్చిన బట్ట తిరిగి ఇంటికి తీసుకుపోరాదు కనుక, తలా ఒకటి ఆయన కాళ్ల దగ్గర పడేసి పోయారు. రాజలింగు ఆ కుప్ప వంక చూశాడు. అన్నీ మాల్ కవర్లే. చచ్చినా తన బేరం మాల్‌కే పోయింది. బతికున్న మనిషికి అంతకన్నా చావు ఏముంటుంది?

అందరూ పోయాక, రేగొండ నుంచి అక్క గట్టమ్మ ఆటో దిగింది. రొమ్ము బాదుకుంటూ వచ్చి, తమ్ముణ్ణి చూసి ఆగి, చెంప పగలగొట్టి, ఆ చెంపనే పట్టుకుని ఏడ్చింది. ఆమె చంకలో ఉన్నది మాల్ కవరు కాదు. రాజలింగు దుకాణం పేరున్న పాత గుడ్డ సంచి.

"నేను పోయిన్నాడు నా మీద కప్పుతరని నీ దుకాణంలనే కొని పెట్టెల దాసుకున్న బట్టరా. నువ్వే ముందుగాల పోతివంటే నీకే తెచ్చిన."

రాజలింగు సంచి విప్పాడు. బట్టను తడిమి చూశాడు. తానే చింపి ఇచ్చిన నూలు బట్ట, మడత కూడా తనదే. ఆన్‌లైన్ లేదు, మాల్ లేదు, ఈ ఒక్క మనిషి కోసమైనా ఇన్నేళ్లు దుకాణం తెరిచి ఉంచడం మంచిదే అయిందనిపించింది. లోపలికి పోయి ఎర్రంచు పచ్చచీర తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

"గిది కట్టుకో అక్కా. దాసుకోకు."

పొద్దుగూకాక, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన గీతాంజలి వచ్చి నిలబడింది.

"తప్పైంది మామా. గా ఫోటో తీసేస్త."

రాజలింగు అక్క బట్టను బీరువాలో పెట్టి తాళం వేశాడు. మిగతా కుప్పను కాలితో చూపించాడు.

"ఏడుసుడు బందువెట్టి గీటి ఫోటో తియ్యి. ఈసారి నన్ను తియ్యకు."

మర్నాడు పొద్దున పదింటికల్లా మొదటి ఆర్డరు వచ్చింది. ఉన్న తెల్లబట్ట మొత్తం ఒక్కరే అడిగారు. గీతాంజలి చిరునామా చదివి నోరు తెరిచింది. మాల్ వాళ్లది! నిన్న ఊళ్లో పెద్ద చావై తమ దగ్గర తెల్లబట్ట మొత్తం అయిపోయిందట, ఇవాళ గంగారం నుంచి ఎవరో చావుబట్టకు వచ్చి కూర్చున్నారట. అడుగున ఒక ముక్క కూడా రాశారు: 'రాజలింగు గారు పోయినందుకు చింతిస్తున్నాం. సరుకు త్వరగా పంపగలరు.'

ప్రకటనలో ఇచ్చిన మాట ప్రకారం, సరుకు నెత్తిన పెట్టుకుని రాజలింగు స్వయంగా వెళ్లాడు.