సారక్క మెడలో రోమ్ రాజు

చామోర్షిలో అక్క కూతురి పెండ్లి. ముందు రోజు పొద్దున్నే సిరొంచలో మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సు ఎక్కి, మధ్యాహ్నం భోజనాల వేళకు అక్కడికి చేరాలని సారక్క అనుకుంది. ఇంకో సంగతి కూడా అనుకుంది గానీ అది మొగుడు కిష్టన్నకు చెప్పలేదు. అక్క సుశీలాబాయి ప్రతి పెండ్లిలోనూ కాసులపేరు కనిపించేలా కొంగు సర్దుకుంటూ తిరుగుతుంది. ఈసారి జనం తన మెడ వైపు చూడాలి.

అందుకు తగిన వస్తువు ఇంట్లోనే దొరికింది. అత్త వెంకటవ్వ పెట్టెలో తాతల కాలం నాటి బంగారు నాణెం ఒకటుంది. దాని మీద పొడుగు ముక్కుతో ఒక మొఖం. ఎవరిదో తెలియదు కాబట్టి ఇంట్లో అందరూ ముక్కాయన అనేవారు. సారక్క అత్తను బతిమాలి బతిమాలి దాన్ని తీసుకొని, అవుసలాయనకిచ్చి చుట్టూ ఎర్రరాళ్ళు పొదిగించి, కొత్త ఫ్యాషన్ పతకంగా గొలుసుకు వేయించింది. పెండ్లిలో మెడలోంచి తియ్యొద్దని వెంకటవ్వ ఒక్కటే షరతు పెట్టింది.

బస్సులో వాళ్ళ ఎదుటి సీటు కిషన్‌రావుకు దొరికింది. ఆయన గడ్చిరోలి కాలేజీలో చరిత్ర చెబుతాడు. సెలవుకు సొంతూరు సిరొంచ వచ్చి తిరిగి పోతున్నాడు. ఆయన ఒకసారి సారక్క మెడ వైపు చూశాడు. కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చూశాడు. తర్వాత ముందుకు వంగి చూశాడు. కిష్టన్న లేచి నెమ్మదిగా ఆయన కాలరు పట్టుకున్నాడు.

"ఏంది సారూ, సదువుకున్నోనివి. ఏడ జూస్తున్నవు?"

"తప్పుగ అనుకోకు అన్నా. ఆమె మెడల ఉన్నది రోమ్ రాజు."

బస్సు గుంతలో పడింది. గొడవ ఆపడానికి వచ్చిన కండక్టర్‌కు తెలుగు సగమే వచ్చు. ఆ మోతలో ఆయన చెవిన పడింది రామ్ రాజా. వెంటనే టోపీ తీసి పతకానికి దండం పెట్టాడు. రాముని నాణెం కాదు, అది వేరే దేశానిది, సముద్రం దాటి వచ్చింది అని కిషన్‌రావు మరాఠీలో వివరంగా చెప్పాడు. రాముడు కూడా సముద్రం దాటే వచ్చాడు కదా అన్నాడు కండక్టర్. బస్సంతా ఆ మాటే ఖాయం చేసింది. సారక్కను ముందు సీట్లో కూర్చోబెట్టి, పక్కన ఎవరూ కూర్చోకూడదని నిర్ణయించారు. కిష్టన్న చామోర్షి దాకా నిలబడే వచ్చాడు.

స్టాండులో దిగగానే కండక్టర్ ఆ సంగతి చాయ్ హోటల్లో చెప్పాడు. సారక్క పెండ్లింటికి చేరేసరికి వెనక కొబ్బరికాయలతో ఒక గుంపు వచ్చింది. మగపెండ్లివారు తమకు స్వాగతం చెప్పడానికి వచ్చారేమో అనుకొని సంతోషించారు. గుంపు వాళ్ళను పక్కకు జరగమని చెప్పి సారక్క ముందు కొబ్బరికాయలు కొట్టింది. పెండ్లికూతురు సోనుబాయిని చూడ్డానికి వచ్చిన అమ్మలక్కలు కూడా ఇటే వచ్చి కూర్చున్నారు. సుశీలాబాయి చెల్లెల్ని గోడ దగ్గరికి పిలిచింది.

"పెండ్లి నా బిడ్డదా, నీ మెడదా?"

సారక్క తీసి దాచుదామనుకుంది. అత్త షరతు గుర్తుకొచ్చింది. అసలు కష్టం భోజనాల దగ్గర మొదలైంది. చుట్టాల కోసం మేకను కోశారు. మెడలో రాముణ్ణి పెట్టుకొని మాంసమెలా తింటావని పెద్దలు ఆమెకు పప్పు వడ్డించారు. ఆమె వంతు కిష్టన్న తిన్నాడు. చెప్పులు వద్దన్నారు. తంబాకు వద్దన్నారు. చెంబు పట్టుకొని బయటికి పోవాలంటే దేవుణ్ణి తీసి పొమ్మన్నారు. తీస్తే ఎవరు పట్టుకోవాలన్న దాని మీద ఇద్దరు వియ్యపురాళ్ళు తగువులాడుకున్నారు. అది తేలేదాకా సారక్క చెంబుతో నిలబడింది.

మర్నాడు పొద్దున్న కిషన్‌రావు గడ్చిరోలి నుంచి ఒక భూతద్దం, ఒక లావు పుస్తకం పట్టుకొని వచ్చాడు. నిన్న కాలరు పట్టుకున్న కిష్టన్నే ఆయన కాళ్ళకు నీళ్ళిచ్చి, ఉన్నదున్నట్టు అందరికీ చెప్పమని వేడుకున్నాడు. కిషన్‌రావు పతకాన్ని చాలాసేపు చూశాడు. పుస్తకం తిరగేశాడు. మళ్ళీ చూశాడు.

"నేనే తప్పు జెప్పిన. ఈయన రాజు గాదు. ఎనుక కొప్పు ఉన్నది. ఈమె రాజు భార్య."

పీడ వదిలిందనుకొని సారక్క గట్టిగా ఊపిరి తీసుకుంది. అప్పుడు వెనక వరుసలో ఒక ముసలమ్మ లేచి, రాముని భార్య అంటే సీతమ్మే కదా అని రెండు చేతులూ జోడించింది.

అందరికంటే ముందు తేరుకున్నది సుశీలాబాయి. సీతమ్మ ఉండాల్సింది పెండ్లికూతురి మెడలో గానీ చిన్నమ్మ మెడలో కాదంది. మగపెండ్లివారి తరఫు పెద్దావిడ ఒకామెకు అనుమానం వచ్చింది. సీతమ్మ పాపం అడవుల పాలైంది కదా, కొత్త కోడలికి అది మంచిదేనా అని అడిగింది.

"సీతమ్మ పెండ్లయితే మంచిగనే అయింది గద వదినా. తర్వాత సంగతి ఇప్పుడెందుకు," అంది సుశీలాబాయి.

పెరట్లో నిన్న మిగిలిన కూర వేడి చేస్తున్నారు. ఆ వాసన పందిట్లోకి వచ్చింది. అక్క మాట పూర్తి కాకముందే సారక్క గొలుసు తీసి ఆమె చేతిలో పెట్టింది. తలంబ్రాలు పడేవేళకు ఆమె కూర గిన్నె ముందు పెట్టుకొని పెరట్లో పీట మీద కూర్చొని ఉంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. రెండు రోజుల్లో ఆమెకు అదే హాయిగా ఉన్న వేళ.

కిషన్‌రావును పెండ్లికొడుకు పక్కన కూర్చోబెట్టి తలపాగా చుట్టారు. ఈ నాణేన్ని నాగపూర్ మ్యూజియంలో చూపించాలని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. అక్షింతలు ఆయన చేతిలో పోసి దీవించమన్నారు.

అప్పగింతల వేళ సారక్క పతకం అడిగితే, పదహారు రోజుల పండుగ దాకా సీతమ్మను కోడలి మెడలోంచి తియ్యకూడదని వియ్యపురాలు చెప్పింది. బోసి మెడతో ఇంటికొచ్చిన సారక్క జరిగిందంతా అత్తకు చెప్పింది. తిట్లు పడతాయని కిష్టన్న ముందే గేదెల దగ్గరికి పోయాడు. వెంకటవ్వ మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

"ఆడిమనిషా? ఇన్నేండ్ల సంది ఆ పెట్టె తెరిసినప్పుడల్లా మొగోడని తల మీద కొంగు కప్పుకున్న గదనే."

పండుగ అయ్యాక పతకం తిరిగి వచ్చింది. పసుపు, కుంకుమ పట్టించి పట్టించి ముక్కు తప్ప మొఖం కనిపించకుండా పోయింది. వెంకటవ్వ దాన్ని కుంకుడు రసంతో కడిగి, తుడిచి, కొంగు కప్పుకోకుండానే చాలాసేపు చూసింది. ఆడిమనిషని ముందే తెలిస్తే ఇన్నేండ్లూ ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళమే అనుకుంది. ఆ రాణి పేరేమిటో కిషన్‌రావుకు తెలుసు. ఆయన్ని ఎవరూ అడగలేదు.